వదులు చెయ్యమన్న మాట

ఆ ఉదయం ఆకాశం ఏ సంగతీ తేల్చలేదు. వాన కురిసి పోదు, మబ్బు విడిపోదు. తడిపి పిండకుండా దండెం మీద వేసిన దుప్పటిలా ఊరి మీద వేలాడుతూ ఉంది. తూర్పున ఒక తెల్లటి మరక కనిపిస్తే అదే సూర్యుడనుకోవాలి. గాలి ఆకు కదపడం లేదు. డబ్బాలో ఉప్పు గడ్డకట్టే రోజు, తలుపులు చౌకట్లో బిగుసుకుని ఎవరో లోపల్నుంచి పట్టుకున్నట్టు మొరాయించే రోజు.

మ్యూజియం వెనక గేటు ముందు నిలబడి ఆమె ఆ ఆకాశాన్ని పంట కళ్ళంలో ఉన్న రైతులా చూసింది. ఈ ఉద్యోగంలో చేరకముందు ఆమెకు ఆకాశంతో పని ఉండేది కాదు.

మధ్యలో వచ్చి కూర్చున్నవారికి ఇక్కడ నాలుగు మాటలు చెప్పాలి. ఈ నగరంలోని నాటకశాలలు, సంగీత మందిరాలు, గ్రంథాలయం, మ్యూజియం అన్నీ కలిసి కాల్చే కరెంటు వల్ల, ఒక్క నాటకానికి కట్టి పారేసే సెట్ల వల్ల, ఊళ్ళు తిరిగే బళ్ళ వల్ల గాలిలోకి పోయే కర్బనాన్ని సగానికి తగ్గించాలని నగరసభ తలపెట్టింది. ఆ పని ఆమె చేతిలో పెట్టింది. ఆమె అడుగుపెట్టిన చోటల్లా ఏదో ఒక దీపం ఆరిపోతుందని నాటకాలవాళ్ళు ఆమెకు స్విచ్చమ్మ అని పేరు పెట్టారు. మొదట్లో మనసు చివుక్కుమనేది. ఇప్పుడు ఫోనెత్తి తానే "నేనండీ, స్విచ్చమ్మను" అంటోంది.

అన్నిటికంటే ఎక్కువ కరెంటు తినేది మ్యూజియం. బొమ్మలున్న గదుల్లో ఏడాది పొడుగునా చలి, తడి ఒకే గీత మీద నిలబెట్టాలి. గీత అటూ ఇటూ జరగకూడదని మిషన్లు రాత్రింబగళ్ళు పెనుగులాడుతూ ఉంటాయి. అంత బిగింపు అక్కర్లేదు, కాలాన్ని బట్టి గీతను మెల్లగా జరగనిస్తే బొమ్మలకు ఏమీ కాదని ఆమె అంది. ఎవరూ నమ్మలేదు. చివరకు మ్యూజియంలో కొయ్య పలకల మీద వేసిన పాత బొమ్మలు బాగుచేసే పెద్దమనిషి "నా కొయ్యలకు నేను పూచీ" అన్నాడు. ఆ ఒక్క మాట మీద ఒప్పుకున్నారు. ఆయన ఆమెకు బాబాయి. నాన్న పోయాక చదివించింది ఆయనే.

ఈ వానాకాలం మ్యూజియంలో సజావుగా గడిస్తే మేమూ మీ దారికొస్తామని తక్కిన హాళ్ళవాళ్ళు అన్నారు. లెక్క చూస్తే కరెంటు సగానికి సగం తగ్గింది. ఇవాళ మధ్యాహ్నం వాళ్ళంతా వచ్చి కలిసి మాట ఇచ్చుకోవాలి. నిన్న సాయంత్రం బాబాయి ఫోన్ చేశాడు. "పొద్దున్నే రా. వెనక గేటున రా" అని పెట్టేశాడు. మామూలుగా అయితే "తిన్నావా" అని అడగందే ఆయన ఫోన్ పెట్టడు.

గేటు తీస్తూ కాపలాదారు నవ్వాడు. "స్విచ్చమ్మగారూ, ఈ బల్బు ఒక్కటీ ఉంచండి. ఇది కూడా తీస్తే దొంగకి గేటు దొరక్క పాపం ఇబ్బంది పడతాడు."

ఇంకో రోజైతే ఆమె తగిన జవాబే చెప్పేది. ఇవాళ తలూపి లోపలికి వెళ్ళింది.

బాబాయి పనిగది మ్యూజియం వెనక వసారాలో చివరిది. జిగురు, సుద్ద, పాత కొయ్య కలిసిన వాసన గుమ్మం దగ్గరే ఎదురొస్తుంది. దాని పక్క గది బొమ్మలు ఉంచేది. బాబాయి ఆ గది తలుపు తీసి పట్టుకుని ఉన్నాడు. ఆమె వెళ్ళగానే మూశాడు.

బల్ల మీద పడవ బొమ్మ పడుకోబెట్టి ఉంది. మూడు పలకలు పక్కపక్కన అతికి, మీద సుద్దపూత పూసి వేసిన పాత బొమ్మ. ఏటి నడుమ పడవ, పడవ నిండా జనం, చివర్న గడ పట్టిన పడవవాడు. ఈ ఊళ్ళో చదువుకున్న ప్రతివాడూ పిల్లప్పుడు బడివాళ్ళతో వచ్చి ఈ బొమ్మ ముందు నిలబడ్డవాడే. బాబాయి దీపం కిందికి వంచి, వెలుగు బొమ్మ మీద అడ్డంగా పడేలా పెట్టాడు.

పడవవాడి భుజం దగ్గర్నుంచి నీళ్ళదాకా వెంట్రుకంత పగులు. పగులుకు అటూ ఇటూ రంగు చేప పొలుసులా లేచి నిలబడింది.

ఆమె ఇంకాస్త వంగింది. "పాతదేమో."

"పాతదానికి నిన్నెందుకు పిలుస్తానమ్మాయ్." బాబాయి భూతద్దం ఆమె చేతికిచ్చాడు. "పాత పగుల్లో మట్టి ఉంటుంది. దీని లోపల చూడు."

చూసింది. లోపల కొయ్య అప్పుడే చెక్కినంత తెల్లగా ఉంది.

"నా వల్లే," అంది.

"అది నేను అన్లేదు."

"అనాలా బాబాయ్? గీత జరపమన్నది నేను. కొయ్య పగిలింది."

బాబాయి స్టూలు మీద కూర్చుని మోకాళ్ళ మీద చేతులు పెట్టుకున్నాడు. ఆయన మాటకు ముందు కాసేపు ఆగే మనిషి. చిన్నప్పుడు ఆ ఆగడానికి ఆమె భయపడేది. ఇప్పుడూ అంతే.

"మెల్లగా జరిపితే కొయ్య ఏమీ అనదు. చెట్టుగా చచ్చినా నీళ్ళు తాగడం మానదు కదా అది. తాగుతుంది, ఉబ్బుతుంది. ఆరుతుంది, ముడుచుకుంటుంది. దాని దారిన దాన్ని నిదానంగా పోనిస్తే ఓర్చుకుంటుంది. ఇది నిదానంగా పోయిన కొయ్య కాదు. దీన్ని ఎవరో ముంచి లేపారు. ఒక్కసారి కాదు, చాలాసార్లు."

"గదిలో తడి హద్దులోనే ఉందిగా. నేను వచ్చినప్పుడల్లా చూశాను."

"నువ్వొచ్చినప్పుడు ఉంది. నేనున్నప్పుడూ ఉంది. మనిద్దరం లేనప్పుడు ఎట్లా ఉందో గాలి మేస్త్రిని అడుగు."

గాలి మేస్త్రి అంటే మిషన్ల గది చూసుకునే ఆయన. గదుల్లోకి చలిగాలి పంపేది ఆయనే కాబట్టి ఆ పేరు. ఫోన్ చేస్తే చేతులు గుడ్డకు తుడుచుకుంటూ వచ్చాడు. వస్తూనే ఆమెను చూసి ముఖం విప్పారింది.

"ఏవమ్మా, ఇవాళ సన్మానమంట కదా. డైరెక్టరు మేడం చెప్పారు. దండ మీకు వేస్తే దారం ముక్కన్నా నాకు పెట్టించండి."

ఎవరూ నవ్వకపోయేసరికి బల్ల వైపు చూశాడు. బొమ్మ మీద పగులు ఆయన కంటికి ఆనలేదు. బాబాయి ముఖం మాత్రం ఆనింది.

"మేస్త్రిగారూ," అంది ఆమె, గొంతు మామూలుగా ఉంచుకుంటూ. "సోమవారం సెలవు కదా. సోమవారాలు మిషన్లు ఎట్లా నడుపుతున్నారు?"

"నడపడం ఏముందమ్మా? మీరు చెప్పినట్టే. వదిలేస్తున్నా."

"వదిలేస్తున్నారంటే?"

"ఆపేస్తున్నా. ఆదివారం సాయంత్రం జనం పోయాక కట్టేసి, మంగళవారం తెల్లారకముందే వచ్చి ఫుల్లులో పెడతా. మీరంతా వచ్చేసరికి గదులు మంచులా ఉంటాయా లేదా, చెప్పండి. ఒక్క మంగళవారమన్నా ఎవరైనా ఉక్కబోసిందన్నారా?" మేస్త్రి గొంతులో తన పని తాను మెచ్చుకునే చిన్న గీర. "మా ఆవిడ తిడుతూనే ఉంది, కోడికంటే ముందు లేచి ఎవరి కొంప ముంచడానికి పోతున్నావని."

బాబాయి కళ్ళు మూసుకున్నాడు.

"నేను ఆపమన్లేదు మేస్త్రిగారూ," అంది ఆమె. "వదులు చెయ్యమన్నాను. సెలవు రోజున గీత ఇంకాస్త వదులు చెయ్యండి అన్నాను. ఫోన్లో."

"అదే కదా. వదిలెయ్యండి అన్నారు."

"వదులు చెయ్యండి."

మేస్త్రి ఆమె ముఖంలోకి, బాబాయి ముఖంలోకి చూశాడు. చేతిలోని గుడ్డ మడతపెట్టడం మొదలుపెట్టాడు.

"ఆ హోరులో నాకు అట్లాగే వినబడిందమ్మా. సరిగ్గా వినబడ్డా నాకు తట్టేది కాదేమో. మా మిషన్లలో వదులంటే రోగం. బెల్టు వదులైతే బిగిస్తాం, నట్టు వదులైతే బిగిస్తాం. ముప్పూటలా మా పని బిగించడమే. వదులు చెయ్యమని చెప్పినవాళ్ళు నా సర్వీసులో లేరు. వదిలెయ్యమంటే, సరే, చదువుకున్నామె, కరెంటు మిగల్చాలంటోంది, వదిలెయ్యమంటోంది, వదిలేద్దాం అనుకున్నా." ఆగాడు. "తప్పు జరిగిందా?"

బాబాయి వేలితో బొమ్మ చూపించాడు. మేస్త్రి వెళ్ళి బొమ్మ దగ్గర వంగాడు. ఈసారి పగులు కనబడింది.

"అయ్యో," అన్నాడు చిన్నగా. "భుజం మీదనే."

ఆమె గోడకు ఆనుకుని నిలబడింది. లోపల లెక్క దానంతటదే కదులుతోంది. వారంలో ఒక రాత్రి, ఒక పగలు, మళ్ళీ ఒక రాత్రి మిషన్లు పూర్తిగా ఆగిపోతే ఎంత మిగులుతుంది? సగానికి సగం తగ్గిందని నగరసభలో చెప్పింది. ఆ మాటకే చప్పట్లు కొట్టారు. తాను అనుకున్నదానికంటే చాలా ఎక్కువే తగ్గిందని ఆ రోజే తెలుసు. తెలిసీ ఎందుకని అడగలేదు. నష్టమొస్తే ఎక్కడ కారిందని తొట్టి అంతా తడుముతాం. లాభమొస్తే తొట్టిలోకి తొంగి చూసేదెవరు?

"మేస్త్రిగారూ, సోమవారాలు ఆపకుండా నడిపి ఉంటే ఎంత తగ్గేది?"

మేస్త్రి పెదవులు కదిపి వేళ్ళ మీద ఏదో కూడాడు. "పావు. పావుకి కాస్త అటో ఇటో. అదీ తక్కువేం కాదమ్మా."

తక్కువ కాదు. ఈ ఏడు సంగీత మందిరానికీ, నాటకశాలకూ పావు తగ్గినా ఊరికి మేలే. అయితే వాళ్ళు పావుకు రావడం లేదు. సగం అన్న మాటకు వస్తున్నారు. పైగా నాటకశాల పెద్దాయన అందరి ముందూ అన్నాడు: "అమ్మాయ్, ఒక్క బొమ్మ చెడినా నువ్వు మా గుమ్మం తొక్కొద్దు. మా తెరలు, మా దుస్తులు మా తాతలనాటివి." నవ్వుతూనే అన్నాడు. నవ్వుతూ అన్నవే ఆయన తరవాత నిలబెట్టుకుంటాడని అందరికీ తెలుసు.

"మిషన్ ఇప్పుడెట్లా ఉంది?" బాబాయి అడిగాడు.

"నడుస్తోంది."

"ఇద్దరూ వెళ్ళి సరిగ్గా పెట్టి రండి. ఒక్కసారిగా లాగొద్దు. ఈ నాలుగు రోజుల్లో కొద్దికొద్దిగా తేవాలి. ఎండలో నడిచొచ్చినవాడికి చెంబుడు నీళ్ళు ఒక్క గుక్కన పోసినట్టు చెయ్యకండి."

మేస్త్రి ముందు నడిచాడు. ఆమె కదలబోతుంటే బాబాయి "నువ్వుండు" అన్నాడు. మేస్త్రి అడుగుల చప్పుడు వసారాలో దూరమయ్యేదాకా ఆగాడు.

"దీన్ని నింపేస్తాను."

ఆమెకు మొదట అర్థం కాలేదు. "నింపాలి కదా, ఎప్పుడో ఒకప్పుడు."

"ఎప్పుడో కాదు, ఇప్పుడు. వాళ్ళొచ్చేలోపు. లేచిన రంగు అణిచి, పగులు నింపి, మీద రంగు వేస్తాను. నేను వేస్తే నాకు తప్ప ఇంకొకరికి తెలీదు. గోడకు తగిలిస్తాను. వాళ్ళొస్తారు, చూస్తారు, పోతారు."

ఆమె బాబాయి ముఖంలోకి చూసింది. ఈ మనిషి దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళందరికీ మొదటి రోజు చెప్పే మాట ఒకటుంది. బాగుచేసిన చోటు రేపు బాగుచెయ్యబోయేవాడికి కనబడాలి, కనబడకుండా అతికినవాడు దొంగతో సమానం. ఆమె ఆ మాట వింటూ ఈ బల్ల కింద ఆడుకుంది.

"నువ్వేనా బాబాయ్ ఈ మాట అంటున్నది? అతుకు దాచేవాడు దొంగని చెప్పింది నువ్వు కాదూ?"

"చెప్పాను. అప్పుడు వెయ్యాల్సిన అతుకు నీ బతుక్కి కాదు."

"నా బతుక్కేం?"

"ఏం లేదా? నలుగురూ చూస్తుండగా నీ మాట తప్పని తేలితే, ఇంకో పదేళ్ళు ఈ ఊళ్ళో ఎవడూ ఒక్క మిషన్ తగ్గించడు. ఎవడన్నా అడిగితే, అప్పుడెవరో స్విచ్చమ్మ వచ్చింది, పడవ బొమ్మ పగిలింది అంటాడు. అంతే. నీ చదువు, నువ్వు తిరిగిన తిరుగుడు, అన్నీ ఆ ఒక్క మాట కింద పోతాయి." ఆయన ఇంత పొడుగ్గా మాట్లాడి ఎన్నాళ్ళో అయింది. ఊపిరి తీసుకున్నాడు. "పైగా నీ మాట తప్పు కాదు. గీత జరిపినందుకు పగల్లేదు ఇది. చెవిలో పడ్డ పొరపాటుకి పగిలింది. అది వాళ్ళకి ఎవరు విడమరిచి చెప్తారు? విడమరిచినా ఎవరు వింటారు?"

"నేను చెప్తాను."

"వింటారా?"

ఆమె బల్ల మీది బొమ్మ వైపు చూసింది. తాను ఒప్పుకుంటే ఎంత తేలిక. బాబాయి చెయ్యి పడితే అది అతుకని దేవుడు కూడా కనిపెట్టలేడు. సాయంత్రానికి అందరూ మాట ఇస్తారు. వచ్చే ఏడు నాటకశాల వాళ్ళు సెట్లు పారెయ్యడం మానేసి తక్కిన హాళ్ళతో పంచుకుంటారు, సంగీత మందిరం వాళ్ళు తమ మిషన్ల గీతలు జరుపుకుంటారు. సగం తగ్గుతుందని నమ్మి జరుపుకుంటారు. పావే తగ్గేసరికి, ఎట్లాగైనా మ్యూజియం లెక్క అందుకోవాలని ఎవడో ఒకడు సెలవు రోజున మిషన్ ఆపుతాడు. అక్కడ తాతలనాటి తెరలుంటాయి, దుస్తులుంటాయి.

"మేస్త్రి సంగతేంటి?" అంది. "తెలిసినవాళ్ళం ముగ్గురం."

"అతను నోరెత్తడు. తెల్లారుజామున లేచి వచ్చి చేసిన పని బొమ్మ భుజం విరగ్గొట్టిందని ఎవడు చెప్పుకుంటాడు?"

"అదే బాబాయ్ నాకు భయం. ఆయన జీవితాంతం అది మింగి తిరుగుతాడు." ఆమె తలుపు గొళ్ళెం మీద చెయ్యి వేసింది. "దాన్ని ముట్టుకోకు. అట్లాగే వదిలెయ్."

అంది గాని, ఆ మాట గట్టిగా వచ్చిందా మెత్తగా వచ్చిందా ఆమెకే తెలీలేదు. బాబాయి ఔననలేదు, కాదనలేదు. దీపం ఇంకాస్త వంచాడు.

మిషన్ల గదిలో హోరు. మేస్త్రి మాటలు సగం పెదవుల్లో చూసి గ్రహించాలి. ఆమె ప్రతి మాటా రెండుసార్లు చెప్పింది, ఆయన ప్రతి మాటా తిరిగి అప్పజెప్పాడు, బళ్ళో పిల్లాడిలా. ఒక్కో మీట కొద్దిగా తిప్పి ఆగడం, ముల్లు ఎటు జరుగుతుందో చూడడం, మళ్ళీ తిప్పడం. దాంతోనే పొద్దు గడిచిపోయింది.

బయటికొచ్చాక మేస్త్రి అడిగాడు. "నా ఉద్యోగం పోతుందామ్మా?"

"పోదు."

"మీది?"

ఆమె మిషన్ల గది తలుపు దగ్గరగా వేసింది.

"నేనే చెప్తాలెండి మేడంకి. నాకు చెవుడని చెప్తా. మా ఆవిడ సాక్ష్యం చెప్తుంది, ఆమె ఎప్పట్నుంచో అంటోంది."

ఆమెకు నవ్వు రాబోయి కళ్ళలో ఆగింది.

ముందరి హాల్లో డైరెక్టరు ఎదురైంది. కుర్చీలు వేయిస్తోంది. పక్కన ఇద్దరు పెద్ద అట్ట బోర్డు ఎత్తి పట్టుకుని ఎక్కడ నిలబెట్టమంటారని చూస్తున్నారు. దాని మీద 'సగానికి సగం' అని అక్షరాలు మనిషి చెయ్యంత.

"నీ బోర్డు," అంది డైరెక్టరు. ఎప్పుడూ నుదురు ముడిచి ఉండే మనిషి, ఇవాళ నుదురు సాపుగా ఉంది. "మన మ్యూజియాన్ని పాత సామాను కొట్టంటారు కదా ఊళ్ళో. ఇవాళ వాళ్ళంతా మన దగ్గర నేర్చుకోవడానికి వస్తున్నారు."

"మేడం, ఆ లెక్క గురించి ఒక మాట చెప్పాలి."

"అందరి ముందూ చెబుదువుగాని. మీ బాబాయిని పడవ బొమ్మ తెచ్చి తగిలించమను. కుర్చీల ఎదురుగ్గా. వాళ్ళు దాన్ని చూస్తూ వినాలి."

"మేడం, ముందు మీరొకసారి..."

ఫోన్ మోగింది. డైరెక్టరు చెయ్యెత్తి ఆగమని, ఆ చెయ్యితోనే బోర్డు కుడివైపుకు జరపమని చూపిస్తూ వెళ్ళిపోయింది. ఆమె డైరెక్టరు వెంట పది అడుగులు నడిచి, ఆగిపోయింది. ఆగినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

పనిగదికి తిరిగొచ్చేసరికి బొమ్మలున్న గది తలుపు మూసి ఉంది. బాబాయి తన బల్ల మీద పనిముట్లు ఒక పక్కకు నెట్టి కాగితం పరిచి, ఇంటి నుంచి పిన్ని పంపిన డబ్బాలు తీసి పెట్టాడు. మేస్త్రి గుమ్మం దగ్గరే నిలబడితే, కాలితో స్టూలు ముందుకు జరిపాడు. ముగ్గురూ కూర్చున్నారు.

బాబాయి మూతలో ఆమెకు వడ్డించాడు, మేస్త్రికి వడ్డించాడు. తనకు పెట్టుకున్నాడు. సొరుగులోంచి చెంచా తీశాడు.

ఆమె చెయ్యి కలిపిన ముద్ద దగ్గర ఆగింది. పుట్టి బుద్ధెరిగాక బాబాయి చెంచాతో తినగా ఆమె చూడలేదు. వేళ్ళకు పచ్చి రంగు ఉన్న రోజున తప్ప ఆయన చేత్తో తినకుండా ఉండడని పిన్ని అంటుంటే వినడమే. ఆయన కుడిచెయ్యి చెంచా కాడను చివరి మూడు వేళ్ళతో పట్టుకుంది. బొటనవేలు, చూపుడువేలు దేన్నీ తాకకుండా పైకి లేచి ఉన్నాయి.

బయట ఆవరణలో కారు వచ్చి ఆగింది. దాని వెనకే ఇంకొకటి. తలుపులు తీసిన చప్పుడు, పలకరింపులు, అందులో నాటకశాల పెద్దాయన నవ్వు.

ఆమె బాబాయి వైపు చూసింది. ఆయన డబ్బాలోంచి చూపు ఎత్తలేదు. మేస్త్రి ఒకసారి మూసిన తలుపు వైపు, ఒకసారి ఆ చెంచా వైపు చూసి, తల దించుకున్నాడు.

బాబాయి ఆమె మూతలో ఇంకొంచెం వడ్డించాడు. ఆమె తింది.